పంటి బిగువు

హెలెద్ షెడ్డులో సైకిలుకి ముందే పేరు పెట్టరు.
గొట్టాలు కోసి, కీళ్ళు అతికి, రంగు ఆరాక కూడా
పై గొట్టం మీద బెత్తెడు చోటు
ఖాళీగా ఉంచుతుంది.
"ఇంకా పుట్టలేదుగా," అంటుంది,
వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసి.

ముందు ముప్ఫై రెండు పళ్ళు.
వెనక పద్దెనిమిది.
అంతే.
మీట లేదు, తీగ లేదు,
చలిలో బొటనవేలు తడుముకునే బొత్తాం లేదు.
కొండ ఎంత నిటారుగా ఉంటే
అంత నిటారుగానూ నీకు అందుతుంది,
బేరాల్లేవు.

కోరిస్ పైన పలకరాతి గుట్టలు.
గనులు మూసేశాక
అక్కడ షిఫ్టు తప్పకుండా దిగేది వానొక్కటే.
ఆ గుట్టల మధ్యనించి పోయే బాట
షెడ్డు వాకిట్లోనే మొదలవుతుంది.
కొన్నవాళ్ళు ఎక్కాలి.
ఎక్కడ కాలు నేల తాకుతుందో అక్కడ
నోట్లోంచి మొదట ఏ మాట ఊడిపడితే
అదే ఆ బండి పేరు.
హెలెద్ వెనకే నడిచొస్తుంది, చెవి ఒగ్గి,
జేబులో సుద్దముక్కతో.

గొర్రెల డాక్టరు గ్రిఫ్ అన్న మాట
రాయడానికి వాళ్ళమ్మ ఒప్పుకోలేదు.
మొదటి అక్షరం ఒక్కటే రాశారు.
మిగతాది ఊరే చదువుకుంటుంది.

బేకరీ మెరెరిద్ "రొట్టెలు!" అని కేకేసింది,
పొయ్యిలో మరిచిపోయి వచ్చింది పాపం.
ఆ సైకిలు పేరు ఇప్పటికీ రొట్టెలు.
నీలం రంగు, పదకొండేళ్ళ వయసు,
ఇంకా మాడలేదు.

పోస్టుమాన్ ఎమ్లిన్ రెండో మలుపులోనే దిగిపోయాడు.
మోకాళ్ళ మీద చేతులానించి, ఉమ్మి, తలెత్తి
"ఎటో" అన్నాడు.
వాళ్ళ భాషలో, మళ్ళీ అని.
రెండు చలికాలాలు అక్కడ స్పోకులు బిగించిన నాకు
ఎటో వెళ్ళిపోవడమే వినిపించింది.
రెండూ ఒకటేనేమో.
మళ్ళీ ఎక్కినవాడే కదా ఎటో పోయేది.

రోడ్డు మీద తెల్లరంగుతో బారెడు అక్షరాలు: అరవ్.
వాళ్ళకి అది నెమ్మది.
నేను రవం లేనిదని చదువుకుంటాను.
ఇదీ నా చెవి జబ్బే.
కానీ పన్నెండు గేర్లవాడు పక్కనించి
టకటకా పళ్ళు కొట్టుకుంటూ దాటిపోయాక
మన గొలుసు చేసే చప్పుడు ఏమీ ఉండదు.
తుంపర టైరుకి అంటే సద్దు,
ఒక గొర్రె నమిలే సద్దు,
మన గుండె,
అదీ కాస్త ఎక్కువగానే.

ఎందుకీ తిప్పలు అని అడిగారు చాలామంది.
జవాబు నాకు సరిగ్గా తెలీదు.
ఎంచుకోవడానికేమీ లేనివాడికి
బోలెడు తీరిక.
ఏ పన్ను మీదికి పోదామా అన్న లెక్క లేదు,
లేచి నిలబడ్డమే.
ఆ నిలబడ్డంలో
రాతిగోడ అవతలి పొలం ఒకటి కనిపిస్తుంది,
కూర్చున్నవాళ్ళకి కనిపించనిది.

నాన్‌కి పద్నాలుగేళ్ళు.
ఇంటింటికీ పేపర్లు వేసి కూడబెట్టిన డబ్బు,
ఎవరో వదిలేసిన ఫ్రేము.
రెండో మలుపు దాటింది.
గ్రిఫ్ తిట్టిన చోటూ, రొట్టెలు మాడిన చోటూ దాటింది.
హెలెద్ సగంలో ఆగి, నడుం పట్టుకుని, పైకి చూస్తూ ఉండిపోయింది.
కాలు నేల తాకలేదు.
చీకటి పడుతుండగా అటువైపు లోయలోంచి
బురద బొమ్మలా తిరిగొచ్చింది.

"ఏమన్నావు పైన?"
"ఏమీ అనలేదు. పళ్ళు కరుచుకుని ఉన్నా."
"ముప్ఫై రెండూనా?"
నాన్ నాలుకతో లెక్కపెట్టుకుంది, నిజంగానే.
"ఇరవై ఎనిమిదే."

హెలెద్ సుద్దముక్క మళ్ళీ జేబులో వేసుకుంది.

ఆ బెత్తెడు చోటు ఈనాటికీ ఖాళీ.
దీని పేరేమిటని ఎవరైనా అడిగితే
నాన్ నవ్వుతుంది.
ముప్ఫై ఒకటి కనిపిస్తాయి ఇప్పుడు.
ఒకటి
ఇంకా రావాలి.