వీపు మీద చెయ్యి

నీ దగ్గు నాకు వినపడదు, పెర్దెబాయ్.
అందుకే తెల్లారగట్ల నీ వీపు మీద చెయ్యి పెడతాను.
నా అరచేతిలోకి దగ్గుతావు నువ్వు.
తడి దగ్గో, పొడి దగ్గో దానికి తెలుసు.

నా రోజుల్లో సూది ఉండేది.
ఎనిమిది నెలలు, ఆదివారం తప్ప రోజూ,
గట్టిపడని చోటు వెతికి మరీ పొడిచేవాళ్లు.
మొదట పిచ్చుకలు పోయాయి.
తర్వాత కెటిల్ మూత.
ఆ తర్వాత, అమ్మ నన్ను పిలవడం మానేసిందనుకున్నాను.
ఊపిరి దక్కింది కదా అన్నాడు నుకుస్‌లో డాక్టరు,
కాగితం మీద రాసి.

నీకు సూది లేదు. అన్నీ మాత్రలే, ఆరు నెలలు.
ఆ మాట చదివిన రోజు
సంతోషం కంటే ముందు అసూయ వచ్చింది నాకు.
జొన్నపిండిలో వేసి పిసికేశాను దాన్ని.
రొట్టె బాగుందన్నావు.

సముద్రం వెళ్లిపోయిన ఊరు మనది.
గాలి లేస్తే ఉప్పు.
అయినా కిటికీ మూయొద్దంది నర్సు అయ్‌సుల్తాన్,
జనవరిలోనైనా సరే.
కోట్లు తొడుక్కునే పడుకుంటున్నాం.
గట్టు మీద తెల్లగా పేరుకున్నది మంచో ఉప్పో
నాకి చూస్తే గాని తెలియదు.

మూడో నెలకి నీ ముఖం పాత రాగి చెంబైంది.
పాదాల్లో చీమలు పాకుతున్నాయన్నావు,
తర్వాత చీమలూ లేవన్నావు.
అయ్‌సుల్తాన్ ఒక మాత్రను సగం చేసింది.
నీ గుండెకు తీగలు తగిలించి,
కాగితం మీది గీతల్ని వేలితో కొలిచి
తలూపింది.
ఆ తలూపుడు కోసం నేను వారమంతా బతుకుతాను.

నిన్న కెటిల్ వెనక దొరికాయి,
తడిసి ఉబ్బిన మాత్రలు, నాలుగు రోజులవి.
నేను చూస్తుండగానే నాలుక కింద దాచావు.
అరిచాను.
ఎంత గట్టిగానో నాకు తెలీదు,
పక్కింట్లో దీపం వెలిగింది.

నువ్వు పెన్సిల్ అందుకుని రాశావు:
కడుపులో తిప్పేస్తోంది అక్కా,
నువ్వెలా ఓర్చుకున్నావు?

ఓర్చుకోలేదురా.
పదకొండు సూదులు ఎగ్గొట్టాను.
చేపల ఫ్యాక్టరీ గోడ వెనక కూర్చుని, చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని.
నువ్వప్పుడు ఆరేళ్లవాడివి,
నా దుప్పట్లోనే పడుకునేవాడివి.
ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.

ఇంకేం రాయకు. పెన్సిల్ కింద పెట్టు.
ఇవిగో నీళ్లు.
మింగు. నోరు తెరువు. నాలుక ఎత్తు.
ఆఁ, ఇంకోసారి.
ఇప్పుడు వీపు ఇటు తిప్పు.