ఏడో ప్రశ్న

త్రిలోచనా,
నువ్వు అంటించిన కాగితం
ఇంకా మా ఓపీ గది తలుపు మీదే ఉంది.
పైన "సామాజిక కార్యకర్తలకు ఆహ్వానం",
కింద నీ ఫోన్ నంబరు చింపుకుపోవడానికి
కత్తిరించిన చిన్న చిన్న తోకలు, పన్నెండు.
వారమంతా పన్నెండూ ఫ్యాను గాలికి ఊగాయి.
నిన్న ఒకటి పోయింది.
అదీ ఎవరో, చీటీ దొరక్క,
మందు మోతాదు రాసుకోడానికి చింపుకున్నారు.

పందొమ్మిదేళ్లుగా ప్రశ్నలు అడిగేదాన్ని నేను.
ఇంట్లో ఎందరు, తాగుతాడా, కొడతాడా,
రేషన్ కార్డుందా, అద్దెంత,
కడుపునిండా తిన్నది ఎప్పుడు.
మూసానగర్ రేకుల ఇళ్లలో, చాదర్‌ఘాట్ వంతెన కింద,
ఉస్మానియా మెట్ల మీద బిడ్డను పడుకోబెట్టుకున్న
తల్లుల పక్కన గొంతుక్కూర్చుని,
తొడ మీద ప్యాడ్ పెట్టుకుని
అందరి ఇళ్లలోకీ తొంగి చూసినదాన్ని.
నన్నెవరైనా అడుగుతారనుకోలేదు.

మంగళవారం నువ్వొచ్చావు,
చెప్పులకు మూసీ బురద అంటించుకుని,
మూడు పేజీల సమ్మతి పత్రం పట్టుకుని.
"మీ పేరు ఎక్కడా రాదు మేడం.
ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు.
ఎప్పుడనిపిస్తే అప్పుడు లేచి వెళ్లిపోవచ్చు."

లేచి వెళ్లిపోవచ్చు!
ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ
ఆ మాట నాతో ఎవరూ అనలేదమ్మా.

ఎన్ని వేలిముద్రలు వేయించాను ఈ చేత్తో.
సిరా అద్దిన బొటనవేలిని నేనే పట్టుకుని
కాగితానికి ఒత్తి
"ఏం లేదమ్మా, ఉత్త కాగితమే" అన్నాను.
నా సంతకం కోసం నువ్వు ఆగినప్పుడు మాత్రం
ప్రతి అక్షరమూ చదివాను.
రెండో పేజీలో చూపు ఆగిపోయింది కాసేపు.
ఫర్జానాకు ఏదీ చదివి వినిపించలేదు నేను.

మొదటి ఆరింటికీ టకటకా చెప్పేశాను.
వయసు. జీతం. నెలకు ఎన్ని కేసులు.
పర్మినెంటా, కాంట్రాక్టా?
కాంట్రాక్టే. ప్రతి మార్చిలో మళ్లీ పుడుతుంటాను.

ఏడోది:
"ఇంటికెళ్లాక ఇవన్నీ ఎవరితో చెప్పుకుంటారు?"

తలుపు అవతల ఎవరో
"మేడం, జర ఇట్ల రాండ్రి" అంటూనే ఉన్నారు.
లేవలేదు.
మలక్‌పేటలో రైలెక్కుతాను, అన్నాను.
డబీర్‌పుర దాటి యాకుత్‌పుర వచ్చేలోగా
ఉన్నదంతా కిటికీతో చెప్పేస్తాను.
ఉప్పుగూడలో దిగేసరికి
ముఖం కడిగినట్టుండాలి.
మా ఆయన పప్పు తాలింపు వేసి ఎదురు చూస్తుంటాడు,
మంచివాడే, వింటాడు కూడా.
కానీ ముద్ద నోట్లో పెట్టుకునే మనిషికి
ఇవాళ చూసిన కాలిన చేతుల సంగతి
ఎక్కడ మొదలుపెట్టను?

నీ పెన్ను ఆగింది.
రికార్డర్‌లో ఎర్ర చుక్క మాత్రం వెలుగుతోంది.
"ఆపమంటారా మేడం?"
ఎన్ని గుమ్మాల్లో నేను అడగాల్సిన మాట అది.
వద్దన్నాను.

తర్వాత ఎస్తేరక్కకు చెప్పాను.
"మనమేమన్న రోగులమా, పరీక్షలు చేయనీకి?"
బాలస్వామి అయితే నవ్వాడు:
"రిపోర్టు రాస్తే జీతం పెరుగుతదా?"
పెరగదేమో. నీ తరఫున అబద్ధం ఆడలేను.
ఒక్కటే అన్నాను.
మన గురించి రాసిన కాగితం ఎక్కడుంది బాలస్వామీ?
రేపు ఎవరైనా ఆఫీసులన్నీ వెతికితే
మనం బస్సు బిల్లుల్లో దొరుకుతాం, అంతే.
టీ చల్లారేదాకా మాట్లాడలేదు అతను.

ఈ పొద్దున ఆ తోకలు మూడు చింపాను.
ఒకటి ఎస్తేరక్క టిఫిన్ మూత కింద,
ఒకటి బాలస్వామి హెల్మెట్‌లో.
మూడోది నా పర్సులోనే ఉంది.
మొన్న డబీర్‌పుర దాటాక
మెడలో అంగన్‌వాడీ ట్యాగు ఉన్న పిల్లొకతె
ఎదుటి కిటికీకి నుదురు ఆనించుకుని
పెదవులు కదుపుతోంది.
ఏ బండికి వస్తుందో మళ్లీ.

ఎనిమిదోది గురువారం అడుగు.
రెండు దాటాక రా, రద్దీ తగ్గుతుంది.
వంతెన వైపు నుంచి కాదు, అఫ్జల్‌గంజ్ మీదుగా రా.
అటైతే బురద ఉండదు.