మైదా జిగురు

ముత్తుకూరు హైస్కూల్లో లైబ్రరీ అంటే
సైన్సు ల్యాబు వెనక ఒకటిన్నర బీరువా.
అర బీరువాకి తలుపు లేదు,
దాని తాళం మాత్రం నా దగ్గరే ఉంది.

జూలైలో ఎవరి నాన్నో వచ్చి
హెడ్మాస్టర్ బల్ల మీద ఒక పుస్తకం పడేశాడు.
"మా పాప రెండు రాత్రులు నిద్రపోలా సార్.
ఇందులో కుక్క చచ్చిపోద్ది.
ముందే చెప్పుంటే చదవనిచ్చేవాణ్ణా?"
సారు నా వైపు చూశారు.
"చీటీలు అంటించండి మేడం,
పిలకాయల పుస్తకాలు కదా."

లెక్కల మస్తానయ్య సారు టీ ఊదుకుంటూ నవ్వాడు.
"మా చిన్నప్పుడు కతల్లో రాక్షసులు పిల్లల్నే తినేవాళ్లు,
ఎవరంటించారమ్మా చీటీలు?"
మీకు ఇప్పటికీ లైటు ఆర్పితే నిద్ర పట్టదంట కదా సార్,
అక్క చెప్పింది, అందామనుకుని
అనలేదు.

ఆదివారం పాత హాజరు పట్టీలు కత్తిరించి
గిన్నెలో మైదా ఉడకేసి
నూట పద్నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.
ఇందులో నాన్న తాగుతాడు.
ఇందులో ఇల్లు వరదకి పోతుంది.
ఇందులో ఒక మాస్టారు కొడతారు.
ఇది రాశాక కాసేపు కలానికి మూత పెట్టాను.

ఎంతవరకు చెప్పాలి?
మరీ చెబితే కథ చీటీలోనే అయిపోతుంది,
చెప్పకపోతే చీటీ ఎందుకు?
కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేస్తారు.
గాలి వస్తుందంటారు,
ఎవరి పడవకో చెప్పరు.
అది చూసి కొందరు తాళ్లు బిగించుకుంటారు,
కొందరు ఆ పూటే వల భుజాన వేసుకుంటారు.

ఏడో తరగతి పామంజి మోక్షిత
'ఇందులో నాన్న వేట నుంచి తిరిగి రాడు' అన్నది తీసింది,
చీటీ చదివి పెట్టేసింది.
మర్నాడొచ్చి అడిగింది, "ఏ పేజీలో మేడం?"
"అరవై రెండు."
అప్పట్నించి వారం వారం మళ్లీ రాయించుకుంటూనే ఉంది.
అరవయ్యో పేజీలో తలపిన్ను.
"ఇంకా ఆడికి పోలా.
ఆయన ఇంట్లోనే ఉండాడు మేడం,
పులుసన్నం తింటా."

ఆదిశేషు చీటీలు చూసే పుస్తకాలు ఏరుకుంటాడు.
"కొట్టేది ఉందా మేడం?" అంటాడు,
పుల్లైసు రంగు అడిగినట్టు.
అదే ఎందుకురా?
"ఆ పిలకాయ ఏం చేశాడో చూడాల."

నిన్న లెక్క చూస్తుంటే
నేను చీటీ వేయని పుస్తకం ఒకటి,
సైకిలు నేర్చుకునే పాప, అడుగడుక్కీ అడ్డమొచ్చే మేక.
లోపలి అట్ట మీద
అన్నం మెతుకులతో అంటించిన రూళ్ల కాగితం.
"ఇందులో ఏం బయం లేదు. బో నవ్వొచ్చుద్ది.
కానీ 18వ పేజీలో వాళ్లమ్మ జడేస్తది.
వద్దనుకుంటే 17 నుంచి 20కి పోవచ్చు.
కత అర్దమవుద్ది."

పేరు లేదు.
పద్దెనిమిదో పేజీ తీశాను.
పళ్ల మధ్య రిబ్బను పట్టుకుని
పాప తల వెనక్కి లాగుతోంది అమ్మ. అంతే.
మూడుసార్లు చదివిన పుస్తకం,
ఆ బొమ్మ ఉందనే నాకు గుర్తు లేదు.

ఇవాళ ప్రేయర్లో జడలన్నీ చూడబోయి
రెండో వరసలోనే తల దించుకున్నాను.
మెతుకులెండి ఆ కాగితం ఒక మూల లేస్తోంది.
ఒత్తులు దిద్దలేదు.
ఇంటి నుంచి కాసింత మైదా ఉడకేసుకొచ్చి
ఆ మూలకి వేలితో రాసి
ఒత్తి పట్టుకున్నాను,
మూడో బెల్లు కొట్టేదాకా.