ఇస్తీఫా

మూడు రాత్రులు రాసిండు సాబు, ఇస్తీఫా.
లాంతరు పట్టుకున్నోణ్ణి నేనే,
నల్లగొండ కచేరీ చప్రాసీ మదారును.
రాసుకుంట పైకి చదివేటోడు.

లడాయి అయిపోయిందన్నరు, క్యాంపు మాత్రం లేవలే.

మొదటి రాత్రి
"గొల్లవాగు క్యాంపుల జరిగింది నాకు తెల్వదు" అని రాసి
"తెల్వదు" కాడ కలం ఆపిండు.
పాళీ కింద సిరా పుండోలె ఊరింది.

రెండో రాత్రి
"తెల్సుకోవాల్సి ఉండె" అని మార్చిండు.
కిటికీల లతీఫ్‌సాబ్ గుట్ట మీద దీపం ఒక్కటే.

మూడో రాత్రి కాగితం మడిచి అడిగిండు:
"మదార్, నేను దిగిపోతె వాళ్లకేమన్న ఒరుగుతదా?"

నేనేం చెప్త?
పొద్దుగాల సైదమ్మ వచ్చిపోయింది,
మొగని అంగి మూట గట్టుకొని.
గుండీలు నాలుగున్నయి, అయిదోది లేదు.
"సాబు పోతె ఈ అంగి ఎవలకు సూపాలె?" అన్నది.
మెట్లు దిగి, మళ్ల ఎక్కొచ్చి
"ఉండి మాత్రం ఏం సూసిండు?" అన్నది.

రెండు మాటల్ల ఒక్కటీ సాబుకు చెప్పలే.

తెల్లారినంక తారొచ్చింది:
వరంగల్‌కు బదిలీ, పై కొలువు.
జీపెక్కంగ నా భుజం తట్టిండు.
కాగితం సొరుగుల్నే ఉంది, దస్కతు లేకుంట.

క్యాంపు లారీల పెట్రోలు చీటీలు,
ఒక్కోదాని మీద మోహరు గుద్దింది ఈ చెయ్యే.
ఎటు పోతయో నాకెవ్వరు చెప్పలే.
నేనూ అడగలే.

సొరుగు గుంజి చూసిన.
కింద జాగ ఉంది, ఇంకో పేరు పట్టేంత.
నాకు దస్కతు రాదు.
బొటనేలికి సిరా రాసుకొని కూసున్న,
అది ఆరిపోయెదాంక.