గోధుమరంగు చుక్కలు

బెర్గెన్‌లో మూడో రోజూ వాన.
కాఫీ చల్లారింది.
అద్దం పలక మీద
వలలు అల్లే ఓడ్‌వార్ ఊపిరితిత్తి,
గోరంత ముక్క.

రంగు వేశాక గోధుమగా తేలినవన్నీ
కావలి కణాలే.
కణితిని తినడానికే వచ్చాయి.
"ఇక్కడ దెబ్బ తగిలింది" అని
ఆ కణితే అంటే
నమ్మేశాయి.
కొత్త నెత్తుటి దారులు తవ్వాయి,
చిరుగులు కుట్టాయి,
ఆకలి మరిచాయి.

కంచె చేను మేయలేదు.
కలుపుకి నీళ్లు కట్టింది, అంతే,
ఎంతో శ్రద్ధగా.

గట్టు బయట నీలం చుక్కలు కొన్ని,
చంపడం తెలిసినవి,
దారి దొరక్క నిలబడి ఉన్నాయి.

ఒక గడిలో నూట పన్నెండు.
మళ్లీ లెక్కపెడితే నూట పద్నాలుగు.

ఓడ్‌వార్ అడిగాడట, నర్సు ఇంగెబొర్గ్ చెప్పింది:
"నా ఒళ్లు నా వైపే ఉందా?"

ఉన్నాననే అనుకుంటోంది,
పాపం.