కుడివైపు నుంచి

బల్లరాట్‌లో, కార్ల అద్దాల మీద మంచు కరగని
జూన్ పొద్దున, బేకరీ తలుపు తోసుకొచ్చి
నోరీన్ ట్రెవార్తా కాగితం ముక్క ఇచ్చింది:
73939133.
ఎనిమిది అంకెలు. అల్లం బిస్కెట్లుగా కావాలట.
"ఫోన్ నంబరా?" అన్నాను.
"కాదు, నా వీడ్కోలు."

ముప్పై ఏడేళ్లు లెక్కలు చెప్పింది ఎగువవీధి బడిలో.
అంకెలన్నీ కూడి చూశాను: ముప్పై ఎనిమిది.
ఒక్కటి తేడా. ఏ సెలవులో పోయిందో ఆ ఒక్కటి.

"ఇది ప్రధాన సంఖ్య. ఒకటికీ తనకూ తప్ప
ఎవరికీ నిశ్శేషంగా లొంగదు.
కుడివైపు చివరి అంకె కొరికెయ్యి,
మిగిలిందీ లొంగదు.
ఇంకోటి కొరికెయ్యి, అదీ అంతే.
ఏడొక్కటే మిగిలేదాకా అంతే."

"ఎడమ నుంచి తింటే?"
"మొదటి ఏడు తీశావో,
పదకొండు వచ్చి ముక్కలు చేసి పోతుంది."

"చివర ఇంకో అంకె అతికిస్తే?"
"ఒకటి అతికిస్తే మూడుకు దొరుకుతుంది,
ఏడు అతికిస్తే తొమ్మిదికి.
ఏది అతికించినా ఎవరో ఒకరికి.
ఈ జాతిలో ఇదే పెద్దది. ఇక పెరగదు."
చిల్లర లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుంది.

రాత్రి, పిండి చల్లిన బల్ల మీద
అంకెలు కోస్తూ మా పద్ధతిలో చదివాను:
ఏడు కోట్ల
ముప్పై తొమ్మిది లక్షల
ముప్పై తొమ్మిది వేల
నూట ముప్పై మూడు.

కత్తి ఆగింది.
వాళ్ల మిలియన్లలో కనబడని కవలలు
ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని
లక్షల గుమ్మంలో ఒకడు, వేల గుమ్మంలో ఒకడు.

ముప్పై తొమ్మిది: పదమూడో ఎక్కంలో మూడో మెట్టు.
నూట ముప్పై మూడు: ఏడు పందొమ్ముదులు.
విడివిడిగా అందరూ ఎవరో ఒకరి ఎక్కంలోవాళ్లే.
వరసలో నిలబడ్డాక
ఏ ఎక్కమూ పేరు పెట్టి పిలవలేకపోయింది.

మర్నాడు స్టాఫ్ రూములో
చివరి మూడుని జాగ్రఫీ డెస్మండ్ తిన్నాడు.
ఒకటి సన్నగా ఉందని, తన వంతు వచ్చేదాకా
ప్రిన్సిపాల్ కాచుకుని కూచుంది.
ఆటల మాస్టారు ఎడమవైపు చెయ్యి చాపాడు,
నోరీన్ స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చింది.

కోట్లూ లక్షలూ నేను వినిపిస్తే
కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"ఇన్నేళ్లూ కామా వేరే చోట పెట్టాను."

ట్రే నిండా పొడి, దాన్నీ శేషమే అంటారేమో.
ఏడుని ఎవరూ ముట్టలేదు.
నాప్కిన్‌లో చుట్టి కోటు జేబులో పెట్టుకుని
బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఇవాళ తెల్లారి పాలవాడి రసీదు మీద
అయిదంకెలు.
పొయ్యి వేడెక్కేలోగా
బొటనవేలితో
చివరిది మూసి చూస్తున్నాను.