మరమ్మతు చేయలేదు

ఈ షెడ్డులో నా పని రాయడం.
పానా పట్టను. బండివాళ్ళు చెప్పింది చెప్పినట్టు
గళ్ళ పుస్తకంలో ఎక్కిస్తాను.
ఉలాన్‌బాతర్‌లో జనవరి. పెన్నులో సిరా గడ్డకడితే
చంకలో పెట్టుకుని కరిగించుకుంటాను.

ఎవరూ జబ్బు పేరు చెప్పరు.
"మా బావగారింటి మలుపు దగ్గరే మూలుగుతుంది"
అంటాడు ఒకాయన, బావగారి మీద ఏదో పాత కోపంతో.
అది ఎడమ చక్రం బాల్ జాయింట్.
బావగారి తప్పేం లేదు.
టాక్సీ తోలే చిమెద్‌సెరెన్‌కి హీటరు చల్లగాలి ఊదుతోంది;
ఎక్కినవాళ్ళు చేతితొడుగులు తియ్యరట,
తొడుగులు తియ్యందే డబ్బులు లెక్కపెట్టలేరట.
థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోయింది,
నోరు తెరిచి నిద్రపోయిన మనిషిలా.
ఇంకొకడు నోటితో చేసి చూపించాడు:
కట్. కట్. కట్.
స్టార్టర్ రిలే. ఎంత బాగా చేశాడంటే
పురెవ్‌ఓచిర్ పానా కింద పెట్టి
మళ్ళీ ఒకసారి చేయించుకుని విన్నాడు.

బాదమ్‌ఖాంద్ బండిని మాత్రం తాడుకట్టి లాక్కొచ్చారు.
బడి బాయిలరుకు ముప్పై ఏళ్ళు బొగ్గు వేసిన మనిషి,
కనుబొమల్లో ఇంకా కాస్త మిగిలే ఉంది.
కారు జపాన్‌లో వాడి వదిలేసినది.
స్టీరింగు కుడివైపు, మేం నడిచేదీ కుడివైపే.
ముందున్న లారీని దాటాలంటే
పక్క సీటులోవాళ్ళు తొంగిచూసి చెప్పాలి.
పక్క సీటు ఖాళీ.
ఆమె లారీలను దాటదు.

"రాత్రి బాగానే ఉంటుంది. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది."
రాశాను.
"ఇంకేమన్నా?"
"పొద్దున తాళం తిప్పగానే ఆడగొంతుతో ఏదో అంటుంది.
సరేనమ్మా, అంటాను."
అది ఫిర్యాదో కాదో తెలియక
మార్జిన్‌లో రాశాను.

పురెవ్‌ఓచిర్ మీటరు తగిలించాడు.
తలుపులు వేసి, తాళం తీసేశాక
నిద్రపోవాల్సిన బండి
చీకట్లో అర ఆంపియరు తాగుతోంది.
ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ పోయాడు.
లైట్లది పీకాడు, ముల్లు కదల్లేదు.
హారనుది. ఊఁహూఁ.
వైపర్లది పీకబోయి వేలు కోసుకున్నాడు, తిట్టాడు.
పదమూడోది ఊడగానే
ముల్లు సున్నా మీద వాలిపోయింది.
మాట్లాడే పెట్టె.
నిద్ర పట్టనిది అదొక్కటే.

నోరొవ్‌ని పిలిచాం. హొక్కైడోలో మూడేళ్ళు చేపలు కోసి వచ్చినవాడు.
బండికి వేరే బ్యాటరీ అంటించి తాళం తిప్పితే
ఆడగొంతు పలికింది, ఎంతో మర్యాదగా.
నోరొవ్ పకపకా నవ్వాడు.
"కార్డు పెట్టలేదు అంటోంది.
అక్కడి రోడ్ల మీద టోలు కట్టే కార్డు. అంతే.
రోజూ అదే మాట."

ఆ గేటు సముద్రానికి అవతల ఉంది.
బాదమ్‌ఖాంద్ నవ్వలేదు.
ముక్కు తుడుచుకుని అడిగింది,
"ఆ కార్డు మన బజార్లో దొరుకుతుందా?"

ఫ్యూజు తీసేస్తే సరి, రెండు నిమిషాల పని,
డబ్బులు కూడా వద్దన్నాడు పురెవ్‌ఓచిర్.
వద్దు, అంది.
మరి బ్యాటరీ?
రాత్రిళ్ళు విప్పి ఇంటికి పట్టుకుపోతాను, అంది.
పన్నెండు కిలోలు. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
"నేను ఎత్తిన బొగ్గు ముందు ఇదెంత నాయనా"
అంటూ పానా అడిగి
ముందు నెగెటివ్ విప్పాలని నేర్చుకుని,
రెండుసార్లు విప్పి బిగించి చూసుకుని,
బల్ల మీద ఎండబెట్టిన పెరుగుముక్కల పొట్లం పెట్టి వెళ్ళింది.

లోపం: దొరికింది.
మరమ్మతు: చేయలేదు.
కారణం గడిలో ఏం రాయాలని అడిగితే
పురెవ్‌ఓచిర్ కోసుకున్న వేలు చీకుతూ
భుజాలెగరేశాడు.
గడి ఖాళీగా వదిలేశాను.

తరువాతి బండి. ముసలాయన, నక్కతోలు టోపీ.
కిటికీ అద్దం దిగింది, ఎక్కడం లేదు.
"బుధవారాల్లోనే" అంటున్నాడు.
ఎందుకని అడగను.
పెన్ను కరిగాక రాస్తాను.